పరాయి ఊరిలో ఇంటికి ఆసరా

(ఛత్రపూర్ తెలుగు కుటుంబముల ఉగాది సభలో చేసిన ప్రసంగము)

 

పంచాంగ శ్రవణము అయినది. పచ్చడి అందరికీ అందినది. పిల్లల పాటలు, నాటిక ఇంకా ఉన్నవి. ఈ మధ్య కొంతసేపు మాట్లాడమని కార్యవర్గము వారు మమ్ములను కోరినారు. మాకు ఇచ్చిన విషయము ‘కుటుంబ సంక్షేమము’. ఈ మాట వినగానే ఆసుపత్రి గోడ మీది ఎర్ర త్రికోణము గుర్తుకు వచ్చి నవ్వుకొనేవారు కొందరు ఉండవచ్చును. మేము చెప్పబోయే సంగతి అది కాదు. పరాయి ఊరిలో కాపురమున్న కుటుంబానికి కష్టము వస్తే ఎవరి తలుపు తట్టవలెను, ఆ తలుపు తీసేవారు ఎవరు? మాట్లాడదలచినది ఇదే. మేము పండితులము కాము. మెట్రిక్ చదివి రైల్వే కచేరీలో గుమాస్తా పని చేసుకొనేవారము. చూచినది, చదివినది, నలుగురము కూర్చుని అనుకొన్నది మీ ముందు పెట్టుచున్నాము. తప్పొప్పులు పెద్దలు నిర్ణయింతురు గాక.

ముందుగా మనము ఎవరమో చూచుకొందాము. ఈ గంజాం జిల్లాలో తెలుగువారందరూ ఒకే విధముగా వచ్చినవారు కారు. 1936 ఏప్రిల్ 1వ తేదీ వరకు ఈ జిల్లా మద్రాసు రాజధానిలోనిది. శ్రీకాకుళము కూడా అప్పుడు గంజాం జిల్లాలోనే ఉండెడిది. ఆ రోజున ఒరిస్సా రాష్ట్రము ఏర్పడగా జిల్లా రెండుగా చీలినది. అంతకు ముందు నుండి ఇక్కడ ఉన్న తెలుగు కుటుంబములు ఎక్కడికీ ప్రయాణము కట్టలేదు. సరిహద్దే వారిని దాటి దక్షిణానికి నడిచిపోయినది. వీరు మొదటి తరగతి. గోపాలపురము, ఆర్యపల్లి వంటి సముద్రపు ఒడ్డున వలలు వేసి బ్రతుకుచున్న మన జాలరి సోదరులు రెండవ తరగతి. వారికి చేప ఎక్కడ ఉంటే అదే ఊరు. మూడవ తరగతి మా వంటివారు. రైల్వేలో గాని, బ్యాంకులో గాని, ఇసుక ఖనిజముల కర్మాగారములో గాని ఉద్యోగము దొరికి, పెట్టె బేడా పట్టుకొని దిగినవారము. నాలుగేండ్లకో ఐదేండ్లకో బదిలీ కాగితము వస్తే మళ్ళీ పెట్టె కట్టవలసినవారము.

మొదటి తరగతి వారికి ఇల్లూ వాకిలీ బంధువులూ ఇక్కడనే ఉన్నారు. వారికి తక్కువైనది భాష. పిల్లలకు తెలుగు అక్షరములు నేర్పేవారు తగ్గిపోవుచున్నారు. రెండవ తరగతి వారికి ఒకరికొకరు తోడున్నారు, కాని పెట్టుబడి లేదు, కచేరీలలో మాట చెల్లదు. మూడవ తరగతి వారికి నెల జీతమున్నది, క్వార్టరున్నది, ప్రయాణమునకు పాసున్నది; లేనిది మనిషి తోడు.

సొంత ఊరిలో ఈ తోడు అడగకుండానే దొరుకును. ఇల్లాలికి నెలలు నిండితే పుట్టింటివారు వచ్చి తీసుకొని పోవుదురు. మగడూ పెళ్ళామూ పోట్లాడుకొంటే మేనమామ వచ్చి అరుగు మీద కూర్చుని ఇద్దరినీ కేకలు వేయును. పిల్లవాడు దారి తప్పితే పెదనాన్న చెవి మెలిపెట్టును. ఎవరైనా పోతే చెప్పకుండానే నలుగురు పాడె క్రిందికి వత్తురు. దీనికి మనము ఎన్నడూ పేరు పెట్టలేదు. ఊపిరికి పేరు పెట్టుకొని పీల్చుతామా? పరాయి ఊరికి వచ్చిన తరువాత గాని అది లేదని తెలియదు.

మేము చూచిన సంగతులు రెండు మూడు చెప్పుదుము. పేర్లు చెప్పము, ఊళ్ళు చెప్పము.

రైలుపట్టాల మీద పనిచేసే ఒక మనిషి హఠాత్తుగా కాలము చేసినాడు. ఆయన ఉద్యోగములో చేరిన రోజున బ్రహ్మచారి. భవిష్యనిధి కాగితములో వారసురాలిగా తల్లి పేరు వ్రాసినాడు. తరువాత పెండ్లి అయినది, ఇద్దరు పిల్లలు పుట్టినారు, తల్లి పోయినది. కాగితము మాత్రము మారలేదు. భార్యకు తెలుగు తప్ప మరొక భాష రాదు. సంతకము చేయగలదు, అంతే. పెండ్లి రుజువులు, పిల్లల జనన పత్రములు, చట్టప్రకారము వారసులమనే ధ్రువపత్రము, ఇవన్నీ పోగుచేయుటకు ఆమె నెలల తరబడి తిరిగినది. ఎవరూ ఆమెకు కీడు తలపెట్టలేదు. డబ్బు కూడా ఎక్కడికీ పోలేదు. ఒక్క సాయంత్రము ఎవరైనా ఆ మనిషిని కూర్చోబెట్టి కొత్త నామినేషను నింపించి ఉంటే ఇంత కష్టము ఉండేది కాదు. చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొనుట అని మన పెద్దలు అన్నది ఇటువంటిదే.

మరొక ఇంటిలో ముసలి తల్లి. ఊరిలో భూమి కౌలుకిచ్చి, కొడుకు ఆమెను తీసుకువచ్చినాడు. కొడుకు, కోడలు ఉద్యోగములకు పోవుదురు, మనుమలు బడికి పోవుదురు. పొద్దున తొమ్మిది నుండి సాయంత్రము ఆరు వరకు ఆమె గోడతో మాట్లాడవలసినదే. అన్నమునకు లోటు లేదు, మందులకు లోటు లేదు. ‘నాకేమి నాయనా, రాణి వలె ఉన్నాను’ అని ఆమెయే అనును. కాని పండుగకు మన ఇండ్ల నుండి ఇద్దరు ఆడవారు వెళ్ళి కూర్చుంటే ఆమె వారి చేతులు గంటసేపు వదలలేదు.

మూడవ ఇంటిలో సీసా. ఇంతకంటె చెప్పనక్కరలేదు. ఆ ఇల్లాలు పుట్టింటికి ఫోనులో ‘బాగానే ఉన్నాము’ అని చెప్పును. పక్క క్వార్టరువారికి గోడ గుండా అన్నీ వినబడును. వారు వేరే భాషవారు కనుక వినబడనట్లు ఉందురు. మనవారు మనవారే కనుక వినబడనట్లు ఉందురు.

ఈ కష్టములు మనకే వచ్చినవని అనుకోరాదు. లోకములో వలస పోయిన జాతులు ఎన్నో ఉన్నవి. వానిలో ఈ విషయమును ఒక పద్ధతిగా, లెక్కగా నడిపి చూపినవారు యూదులు. వారి సంగతి కొంచెము వివరముగా చెప్పుటకు అనుమతించవలెను.

1881 తరువాత రష్యా సామ్రాజ్యములో యూదుల మీద దాడులు జరిగినవి. అది మొదలు 1924లో అమెరికా తలుపులు ఇరుకు చేసేవరకు, తూర్పు ఐరోపా నుండి సుమారు ఇరువది లక్షల మంది యూదులు అమెరికా చేరినారు. చాలామంది న్యూయార్కులో చీకటి గదులలో కాపురముండి దర్జీ పనులు చేసినారు. వారికి ముందుగా వచ్చి స్థిరపడిన యూదులు 1874లోనే అక్కడ ఐక్య హీబ్రూ ధర్మసంస్థ అనే దానిని ఏర్పాటు చేసి ఉండిరి. బొగ్గు, రొట్టె, అద్దె, వైద్యము, వీనికి సాయము చేయుట దాని పని. ఓడ దిగినవారికి దుబాసీ సాయము చేసి, బంధువుల చిరునామా వెదకి అప్పగించుటకు మరొక సంఘము ఉండెడిది. ఇవిగాక ఒకే ఊరి నుండి వచ్చినవారు ఆ ఊరి పేరుతో చిన్న చిన్న సంఘములు పెట్టుకొన్నారు. నెలకు కొద్ది చందా. ప్రతిఫలముగా జబ్బుపడితే కొంత భత్యము, చనిపోతే శ్మశానములో చోటు, అంత్యక్రియలకు మనుషులు. మన పాడె సంగతి చెప్పితిమి కదా. వారికీ మొదట కలిగిన దిగులు అదే.

1892లో న్యూయార్కులో హీబ్రూ ఉచిత ఋణ సంఘము పుట్టినది. తొంబది ఐదు డాలర్లతో మొదలుపెట్టినారు. తోపుడుబండి కొనుక్కొనేవానికి, కుట్టు మిషను కొనుక్కొనేవానికి వడ్డీ లేకుండా అప్పు ఇచ్చినారు. తాకట్టు అడుగలేదు, హామీగా తెలిసినవారి సంతకము మాత్రము అడిగినారు. వాయిదాల మీద తిరిగి వచ్చిన డబ్బే మరొకరికి అప్పు అయినది. ఆ సంఘము నేటికీ ఉన్నది. దీని వెనుక వారి ధర్మశాస్త్రము ఉన్నది. పన్నెండవ శతాబ్దములో మైమోనిడీస్ అనే పండితుడు దానమునకు ఎనిమిది మెట్లు చెప్పినాడు. అన్నింటికంటె పై మెట్టు ఏదనగా, అప్పు ఇచ్చి గాని, భాగస్వామిగా చేర్చుకొని గాని, పని చూపించి గాని మనిషి మరొకరి చేయి చూడనక్కర లేకుండా చేయుట. దానమునకు వారు వాడే మాటకు న్యాయము అనే మాటకు ధాతువు ఒక్కటే. ఇచ్చేవాడు దయ చూపినట్లు కాదు, బాకీ తీర్చినట్లు.

ఇంతకంటె మమ్ములను ఆశ్చర్యపరచిన సంగతి ఒకటి ఉన్నది. వలసలో భార్యాబిడ్డలను వదిలి పారిపోయిన మగవారు వారిలో చాలామంది ఉండిరి. ఈ సంగతిని వారు కప్పిపుచ్చుకొనలేదు. 1911లో ఇటువంటి భర్తలను వెదకుటకే ఒక జాతీయ కార్యాలయము తెరచినారు. కనబడని భర్తల ఛాయాచిత్రములను యిడ్డిష్ భాషలో వచ్చే ఫార్వర్ట్స్ దినపత్రికలో అచ్చు వేయించినారు. మనిషి దొరికితే ముందు రాజీకి ప్రయత్నము. కుదరకపోతే భరణము కొరకు చట్టము. అదే పత్రికలో 1906 నుండి సంపాదకుడు అబ్రహాం కాహాన్ ‘ఉత్తరాల కట్ట’ అనే అర్థము వచ్చే పేరుతో ఒక శీర్షిక నడిపినాడు. అత్తాకోడళ్ళ తగవులు, పిల్లల ఎదిరింపులు, మతము కాని పిల్లను ప్రేమించిన కుర్రవాని బాధ, పని పోయిన తండ్రి సిగ్గు, అన్నీ పేరు లేకుండా వ్రాసి పంపేవారు. జవాబు అందరూ చదివేవారు. ‘ఈ బాధ నా ఒక్క ఇంటిది కాదు’ అని తెలియుటయే సగము మందు.

వారు చేసినదంతా గొప్పగా జరిగినదని మేము అనము. ముందు వచ్చి ధనవంతులైనవారు వెనుక వచ్చిన బీదవారిని చిన్నచూపు చూచినారని, సాయము అడుగబోతే వంద ప్రశ్నలు వేసినారని అప్పట్లోనే ఫిర్యాదులు ఉండెడివి. కాలక్రమమున ఆ ధర్మసంస్థలే మారినవి. రొట్టె పంచుట తగ్గి, శిక్షణ పొందినవారు కుటుంబముతో కూర్చుని మాట్లాడుట, వృద్ధుల ఇండ్లకు భోజనము పంపుట, వికలాంగులకు తోడు ఉండుట, మనోవ్యాధికి సలహా చెప్పుట ముఖ్యములైనవి. నేడు అమెరికాలో పెద్ద నగరములలో ‘యూదు కుటుంబ సేవ’ అనే సంస్థలు ఉన్నవి. వానిలో అనేకము ఏ మతమువారు వచ్చినా చూచును. తమవారి కొరకు వేసిన పందిరి క్రిందికి ఇరుగుపొరుగు కూడా వచ్చినారు.

యూదులంటే మనకు మరీ దూరము కాదు సుమా. గుంటూరు ప్రాంతములో చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెములో తాము యూదులమని చెప్పుకొని, ఇంట తెలుగు మాట్లాడే కుటుంబములు ఉన్నవి.

‘అది అమెరికా, అది వారి డబ్బు, మనవల్ల ఏమి అగును?’ అని కొందరు అనవచ్చును. మనవారే చేసి చూపినారు. పరాయి పట్టణములో తెలుగువారు స్థాపించిన సంస్థ ఒకటి తలచుకొందాము. రాజమండ్రిలో 1909లో పుట్టిన దుర్గాబాయమ్మగారు బాల్యవివాహమును కాదని బయటికి వచ్చి, ఉప్పు సత్యాగ్రహములో జైలుకు పోయి, జైలులో తోటి ఖైదీ స్త్రీల అవస్థ కన్నులారా చూచినారు. తరువాత మద్రాసులో ఉంటూ, చదువు మధ్యలో ఆగిపోయిన తెలుగు ఆడపిల్లలను బెనారస్ విశ్వవిద్యాలయము మెట్రిక్ పరీక్షకు కూర్చోబెట్టుటకు పాఠములు చెప్పినారు. 1937లో అదే ఆంధ్ర మహిళా సభ అయినది. మొదట మెట్రిక్ పాఠములు. తరువాత చేతిపనులు, వసతి గృహము, ప్రసూతి వైద్యము, నర్సుల శిక్షణ, అవిటి పిల్లలకు చికిత్స. చివరకు హైదరాబాదులో కళాశాలల వరకు ఎదిగినది. మెట్రిక్ పరీక్ష నుండి ఇంత వృక్షము లేచినదని తెలిసినప్పుడు, మా వంటి మెట్రిక్ చదువువారికి కొంచెము ధైర్యము కలిగినది.

ఆమెయే 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి మొదటి అధ్యక్షురాలు అయినారు. ఆ సంవత్సరమే చైనా వెళ్ళి, అక్కడి కుటుంబ న్యాయస్థానములు చూచివచ్చి, మనకూ అటువంటివి కావలెనని నెహ్రూగారితోను, న్యాయమూర్తులతోను చర్చించినారు. 1984లో మన దేశములో కుటుంబ న్యాయస్థానముల చట్టము వచ్చినది. ఆమె 1981లోనే కాలధర్మము చెందినారు. చెట్టు నాటినవారు పండు తినలేదు, మనము తినుచున్నాము.

మన బరంపురములోనే 1894 ఆగస్టు 10వ తేదీన పుట్టిన వి. వి. గిరిగారిని కూడా ఇక్కడ తలచుకొనవలెను. రాష్ట్రపతి అయినారని అందరికీ తెలుసు. అంతకు ముందు ఆయన రైలు కార్మికుల మనిషి. మన ఊరి మీదుగా పోయే ఈ దారి బెంగాల్ నాగపూర్ రైల్వేది అయి ఉన్న కాలములో, 1928లో, పని నుండి తొలగింపబడినవారి కొరకు జరిగిన సమ్మెకు ఆయన నాయకులు. ఉద్యోగము పోయినవాని వెనుక ఒక ఇల్లు ఉన్నదని ఆయన ఎరుగుదురు.

మన ఇరుగుపొరుగు కూడా మనకు పాఠము చెప్పుచున్నది. ఒడిశా తీరపు మత్స్యకార స్త్రీల పొదుపు సంఘములు కలిసి ‘సముద్రం’ అనే సమాఖ్యగా ఏర్పడినవి. దళారీల చేతిలో నుండి తమ చేపను, తమ డబ్బును విడిపించుకొనుట వారి పట్టుదల. 2010లో ఐక్యరాజ్యసమితి వారి ఈక్వేటర్ బహుమతి వారికి వచ్చినది. మన గంజాం ఒడ్డున ఎండు చేప గంప తలపై పెట్టుకొని తిరిగే స్త్రీలు చేయగలిగిన పని, నెల జీతగాండ్రమైన మనము చేయలేమా?

తుపానుల సంగతి చూడండి. 1999 అక్టోబరులో వచ్చిన మహా తుపానులో ఒడిశాలో పదివేల మంది వరకు పోయినారు. 2013 అక్టోబరు 12వ తేదీ రాత్రి ఫైలిన్ మన గోపాలపురము దగ్గరనే తీరము దాటినది. ఇండ్లు, చెట్లు, స్తంభములు పోయినవి గాని, ప్రాణనష్టము దానిలో వందవ వంతు కూడా లేదు. కారణము, ముందుగానే ఇంటింటికీ వెళ్ళి లక్షల మందిని కదలించినారు. పెద్ద యంత్రములు హెచ్చరిక చెప్పగలవు; ముసలివానిని మంచము మీద నుండి లేపి భుజము ఇచ్చి నడిపించేవాడు మాత్రము ఎదుటి మనిషి కావలెను. ప్రతి ఇంటిలో చిన్న తుపానులు వచ్చుచునే ఉండును. వానికి కూడా ఇంటింటికీ వెళ్ళే మనుషులు కావలెను.

ప్రభుత్వము వారు ఏమీ చేయుట లేదని కాదు. చాలా ఏర్పాట్లు ఉన్నవి. ఆపదలో ఉన్న స్త్రీలకు 181, పిల్లలకు 1098, వృద్ధులకు 14567, మనసు బాగులేనివారికి 14416, న్యాయ సహాయమునకు 15100, ఈ నెంబర్లకు ఫోను చేయవచ్చును. 1987 నాటి న్యాయ సేవల చట్టము ప్రకారము స్త్రీలకు, పిల్లలకు ఆదాయముతో నిమిత్తము లేకుండా ఉచితముగా వకీలును ఇత్తురు. తల్లిదండ్రులను చూడని పిల్లల నుండి పోషణ రాబట్టుటకు 2007లో చట్టము వచ్చినది. జిల్లా కలెక్టరు కచేరీ మన ఛత్రపూర్‌లోనే ఉన్నది. 1962లో స్థాపించిన వైద్య కళాశాల బరంపురములో ఉన్నది. రైల్వేలో సంక్షేమ ఇన్‌స్పెక్టర్లు ఉన్నారు, సిబ్బంది సహాయ నిధి ఉన్నది. ఇన్ని ఉన్నా, భాష రాని ఇల్లాలు ఆ గుమ్మము దాకా నడవలేదు. దారి ఉన్నది, బండి ఉన్నది, ఎక్కించేవారు లేరు. మన సంఘము చేయవలసినది ఈ ఎక్కించే పని.

అందుకు మాకు తోచిన ఆలోచనలు అయిదు. ఇవి ఖర్చుతో కూడినవి కావు, ఓపికతో కూడినవి.

మొదటిది, కాగితముల సాయంత్రము. నెలకు ఒక ఆదివారము ఇదే గదిలో మేము నలుగురు గుమాస్తాలము కూర్చుందుము. నామినేషను మార్చుట, కుటుంబ వివరములు సర్వీసు రికార్డులో చేర్చుట, పింఛను పత్రములు, బీమా, పిల్లల జనన ధ్రువపత్రము, వైద్య కార్డు, ఏది కావలసినా తీసుకొని రండి. 2004 జనవరి 1 తరువాత ఉద్యోగములో చేరినవారు మరీ జాగ్రత్తగా ఉండవలెను. వారి పింఛను పద్ధతి వేరు. ఉద్యోగములో ఉండగా ఏమైనా జరిగితే కుటుంబమునకు ఏ పద్ధతి కావలెనో ముందుగా తెలియజేసే పత్రము ఉన్నది. అది నింపినారో లేదో చూచుకొనండి. మగవారు తమ కాగితములు ఎక్కడ ఉన్నవో ఇల్లాలికి చెప్పి ఉంచవలెను. ‘అపశకునము’ అని కొట్టివేయకండి. గొడుగు కొన్నంత మాత్రమున వాన రాదు.

రెండవది, పలకరింపు. ఇద్దరు స్త్రీలు, ఇద్దరు పురుషులు జతలుగా, కొత్తగా బదిలీ అయి వచ్చిన ఇంటికి మొదటి వారములోనే వెళ్ళవలెను. పాలవాడు ఎవరు, ఏ బడి మంచిది, ఏ డాక్టరుకు తెలుగు వచ్చును, ఇవి చెప్పిన చాలును. బాలింతలు, ఒంటరి వృద్ధులు ఉన్న ఇండ్లకు పదిహేను రోజులకొకసారి వెళ్ళవలెను. ఏమీ తీసుకొని పోనక్కర లేదు, కూర్చుంటే చాలును. ఆ ముసలమ్మగారికి వారమునకు రెండు రోజులు మన పిల్లలను పంపినచో, ఆమెకు పొద్దుపోవును, పిల్లలకు తెలుగు కథలు వచ్చును. ఎవరు ఎవరికి ఉపకారము చేసినట్లో చెప్పుట కష్టము.

మూడవది, వడ్డీ లేని చేబదులు. అరువది కుటుంబములు నెలకు నూరు రూపాయలు ఇచ్చినచో నెలకు ఆరు వేలు, సంవత్సరమునకు డెబ్బది రెండు వేలు. ఆసుపత్రికి, పరీక్ష ఫీజుకు, అత్యవసర ప్రయాణమునకు అయిదు వేల వరకు ఇచ్చి పది వాయిదాలలో తీసుకొనవచ్చును. ఇద్దరు సభ్యుల హామీ సంతకము చాలును. ఒక్క హెచ్చరిక: ఇది చందా నిధిగానే ఉండవలెను. డిపాజిట్లు తీసుకొని లాభము పంచుతామనే మాట రాకూడదు. అనుమతి లేని డిపాజిట్లను 2019 చట్టము నిషేధించినది. చిట్టీ కంపెనీలు మన ప్రాంతములో ఎన్ని ఇండ్లు ముంచినవో మీకు చెప్పనక్కర లేదు. లెక్క ప్రతి ఉగాదికి ఈ సభలో చదివి వినిపించవలెను. మొత్తములు చదువుదుము, అప్పు తీసుకొన్నవారి పేర్లు చదువము.

నాలుగవది, చివరి ప్రయాణము. అర్ధరాత్రి అయినా సరే, ఒక్క ఫోనుకు పదిమంది కదలవలెను. పురోహితుడు, వాహనము, శ్మశానము వద్ద ఏర్పాటు, ఊరి నుండి బంధువులు వచ్చేవరకు ఆ ఇంటివారికి భోజనము, ఇవి ఎవరెవరు చూడవలెనో ముందుగానే వ్రాసి ఉంచుకొందాము. కులము, హోదా చూడరాదు. అధికారి ఇంటికి వెళ్ళినట్లే కలాసీ ఇంటికీ వెళ్ళవలెను. వలలు వేసేవారి పల్లెకూ వెళ్ళవలెను.

అయిదవది, గుట్టు. ‘ఇంటి గుట్టు లంకకు చేటు’ అని మనకు సామెత. తాగుడు, దెబ్బలు, అప్పులు, పిల్లవాని చదువు చెడుట, మనసు కుంగుట, ఇవి బయటికి పొక్కితే పరువు పోవునని భయము. ఆ భయము న్యాయమైనదే. కనుక మనము రెండు నియమములు పెట్టుకొనవలెను. ఒక ఇంటిలో విన్నది రెండవ ఇంటిలో చెప్పరాదు; కట్టుకొన్నవారికి కూడా చెప్పరాదు. చెప్పినవారు ఆనాటితో ఆ పనిలో ఉండరాదు. ఇక రెండవ నియమము. ప్రాణభయము ఉన్నచోట, పిల్లలకు హాని ఉన్నచోట గుట్టు పేరు చెప్పి ఊరుకొనరాదు. అక్కడ ‘సర్దుకుపో అమ్మా’ అని చెప్పుట సాయము కాదు. తోడు వెళ్ళి, తగిన కచేరీకి, తగిన డాక్టరుకు అప్పగించవలెను. మేము వైద్యులము కాము, వకీళ్ళము కాము. మన పని తీర్పు చెప్పుట కాదు, చేయి పట్టుకొని గుమ్మము దాకా తీసుకొని పోవుట.

ఈ పనులలో ఆడవారిని ముందు పెట్టవలెనని మా గట్టి మనవి. మగవారు సంఘము అంటే షామియానా, మైకు, సన్మానము అనుకొందురు. ఏ ఇంటిలో పొయ్యి రాజలేదో ఆడవారికి ముందుగా తెలియును. కార్యవర్గములో వారికి పేరుకు ఒక్క స్థానము కాక సగము స్థానములు ఇచ్చినచో పని నడుచును.

‘ఇవన్నీ పెట్టుకొని మనము వేరుగా గూడు కట్టుకొన్నట్లు ఒడియా సోదరులు అనుకొనరా?’ అని ఒక పెద్దాయన మమ్ములను అడిగినారు. మంచి ప్రశ్న. గంజాం ఒడియావారికి వలస బాధ మనకంటె బాగా తెలుసు. ఈ జిల్లా నుండి ఎన్ని వేల ఇండ్ల మగవారు సూరతు మరమగ్గముల మీద పనికి పోయినారో, 2020లో కరోనా కాలమున ఎట్లు తిరిగి వచ్చినారో మనము కండ్లారా చూచినాము. సూరతులో వారు ఎట్లో ఇక్కడ మనము అట్లు. మన కాగితముల సాయంత్రమునకు పక్క క్వార్టరు ఒడియా అమ్మగారు వచ్చినా బల్ల మీద చోటు ఉండవలెను. మన ముసలమ్మగారికి నాలుగు ఒడియా మాటలు నేర్పితే ఆమె గోడ అవతల మరొక ముసలమ్మ దొరకవచ్చును. మన పిల్లలు రెండు భాషలూ నేర్చి ఇద్దరికీ దుబాసీలు కావలెను.

పెద్దలారా, ఈ సంవత్సరము పేరు పరాభవ. పేరు విని కొందరు ముఖము చిట్లించినారు. ఒకరి ముందు చేయి చాచవలసి వచ్చినప్పుడు కలిగే పరాభవము కంటె, అడుగుటకు ఒక్క మనిషి కూడా లేకపోవుట పెద్ద పరాభవము అని మాకు తోచుచున్నది. మన ఛత్రపూర్‌లో ఏ తెలుగు ఇంటికీ ఈ సంవత్సరము అది కలుగకుండా చూచుకొందాము.

వెనుక బల్ల మీద ఒక నోటుపుస్తకము పెట్టినాము. డబ్బు వ్రాయనక్కర లేదు. ఏ పనికి నెలకు ఎన్ని గంటలు ఇవ్వగలరో అది మాత్రము మీ పేరు ప్రక్కన వ్రాయండి. సాయము కావలసినవారు పుస్తకములో వ్రాయనక్కర లేదు; మాలో ఎవరికైనా చెవిలో చెప్పండి. వచ్చే నెల మొదటి ఆదివారము సాయంత్రము అయిదు గంటలకు మేము కాగితములతో, కలములతో ఇక్కడ సిద్ధముగా ఉందుము.

 పిల్లలు ముఖములకు రంగులు వేసుకొని తెర వెనుక తొందరపడుచున్నారు. వారికి చోటు వదిలి సెలవు తీసుకొనుచున్నాము. నమస్కారములు.